వ్యాకులమాతను పిలిచిన సాయంత్రం

మా ఊళ్లో ఎవరైనా మంచాన పడితే, ఎట్లా ఉన్నారని లోపలికి వెళ్లి అడగనక్కర్లేదు. సాయంత్రం ఆ ఇంటి ముందు నుంచి పోతూ, జపమాల చివర మరియమ్మను ఏ పేరుతో పిలుస్తున్నారో వింటే చాలు. "ఆరోగ్యమాతా" అని పిలుస్తుంటే మనిషి లేస్తుందన్న ఆశ ఆ ఇంట్లో ఉన్నట్టు. "వ్యాకులమాతా" అని పిలుస్తుంటే ఆ ఆశను దించి పక్కన పెట్టినట్టు.

ఇది ఏ ప్రార్థన పుస్తకంలోనూ లేదు. ఏ ఫాదరూ చెప్పింది కాదు. నర్సింహులపేట వైపు మా చిన్న ఊళ్లో ఉన్న కొద్దిపాటి కథోలిక ఇళ్ల ఆడవాళ్లు ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి. జపమాల అయిపోయాక ఆ పేరును ముమ్మారు పలుకుతారు. పేరు మార్చే మాట ఇంటి పెద్ద నోటి నుంచే రావాలి. "ఇగ వ్యాకులమాతను పిలువున్రి" అని ఆ పెద్ద అన్నాక, అప్పటిదాకా నోరు కట్టుకున్న ఇల్లు నోరు విప్పుతుంది. మందు మింగమని బతిమాలడం ఆగిపోతుంది. రోగి ఏది తింటానంటే అది వండుతారు. ఏళ్ల తరబడి మాటల్లేని పాలివాళ్లు వచ్చి చెయ్యి పట్టుకుంటారు. పోయే మనిషి చెప్పవలసింది చెబుతుంది, ఉండేవాళ్లు వింటారు. ఆ మాట రానంతవరకు మాత్రం చావు సంగతి ఎత్తకూడదు. రోగే ఎత్తినా, "గట్ల అనొద్దు, ఆరోగ్యమాత ఉన్నది" అని ఆపేస్తారు.

మా నాయిన పోయేటప్పుడు మా నాయినమ్మ ఆ మాట అన్నది. కన్నకొడుకు గురించి ఎట్లా అనగలిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె అన్నాక నాయిన ఒక పెద్ద ఊపిరి తీసి, ముసలి ఎద్దును కోతకు అమ్మొద్దని, కొట్టంలోనే ఉండనివ్వమని చెప్పాడు. ఆయనకు ఉన్న కోరిక అదొక్కటే. ఆ ఎద్దు మా కొట్టంలోనే పోయింది.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరానికి ఒక కాలు సన్నబడింది. బడేమో పక్క ఊళ్లో. మా అవ్వ, అంటే మా అమ్మ, ప్రార్థన పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాకు ఇంట్లోనే చదువు చెప్పింది. నాకు నోటికి వచ్చిన ప్రార్థనలో ఏ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపేది. మాటలు ముందు వచ్చాయి, అక్షరాలు ఆ తర్వాత వాటిలో నుంచి ఊడి వచ్చాయి. అట్లా నేను మొదట చదివినవి మరియమ్మ పేర్లే. అర్థం తెలియకముందే ఏ పేరు పొడుగో, ఏ పేరు పొట్టో నాకు తెలుసు. పొయ్యి దగ్గరి మసి అంటిన ఆ వేలి గుర్తులు పుస్తకం అంచుల మీద ఇప్పటికీ ఉన్నాయి. ఆ చదువు దొరికినందుకు రోజూ దేవునికి దండం పెట్టుకుంటాను. చదవడం వచ్చింది కాబట్టి ఇంట్లో జపమాల నడిపించే పని నాదైంది.

మా పక్కింట్లో బట్టలు కుట్టే ముసలమ్మ ఉంటుంది. మేము ఖాలా అని పిలుస్తాం. సాయంత్రం మిషను ఆపి, మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది. మా ప్రార్థన ఆమెది కాకపోయినా, మరియం పేరంటే ఆమెకూ గౌరవమే. ఒకసారి అవ్వను అడిగింది.

"మీ మర్యంకు గిన్ని పేర్లెందుకే? ఒక్క పేరుతోని పిలిస్తే పలకదా?"

అవ్వ చిక్కుడుకాయలు తుంచుతూనే అన్నది. "నిన్ను కోడలు అత్తమ్మ అంటది. మనుమడు దాదీ అంటడు. మీ ఆయన ఓయ్ అంటడు. అన్నిటికి పలుకుతలేవా?"

"ఓయ్ అంటే పలుక," అన్నది ఖాలా. "గది రెండుసార్లు పిలవాలె."

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అవ్వ, "ఆకలైనోడు ఒక తీర్గ పిలుస్తడు, దెబ్బ తాకినోడు ఒక తీర్గ పిలుస్తడు. తల్లి ఒక్కతే గని," అన్నది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదు. అట్లాంటి మాటలు తేలిగ్గా అనుకునేవాళ్లం.

మా చెల్లె జనగామలో సిస్టరమ్మల హాస్టల్లో ఉండి చదువుకున్నది. తర్వాత భూపాలపల్లిలో ఇచ్చాం. మరిది బొగ్గు లారీ నడుపుతాడు. చెట్ల ఆకుల మీద కూడా బొగ్గు దుమ్ము పేరుకునే రోడ్డు పక్కన వాళ్ల ఇల్లు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల రెండో తరగతి చదువుతుండగా చెల్లెకు కడుపులో నొప్పి మొదలైంది. వరంగల్‌లో చూపించారు, హైదరాబాద్‌లో చూపించారు. క్యాన్సర్ అన్నారు. మందులకు జుట్టంతా ఊడింది. చివరికి డాక్టరు మరిదిని పక్కకు పిలిచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి, నొప్పి తగ్గే మందు రాసిచ్చాడు.

మరిది చెల్లెనూ బిడ్డనూ మా ఇంటికే తెచ్చాడు. తల్లి దగ్గర ఉంటానని ఆమే అన్నదట. డాక్టరు చెప్పిన మాట మా ఇద్దరికి పెరట్లో చెప్పాడు. అవ్వ విన్నది. కొంగుతో చేతులు తుడుచుకుని, లోపలికి పోయి జావ కాచింది. ఆ సాయంత్రం జపమాల చివర నేను ఆగి ఆమె ముఖం చూశాను. "ఆరోగ్యమాతా," అని ఆమే గట్టిగా ఎత్తుకుంది. మేము వెనుక పలికాం.

అట్లా రోజులు గడిచాయి. చెల్లె రోజురోజుకూ మంచంలో కలిసిపోతున్నది. మధ్యమధ్యలో మాట ఎత్తేది.

"అవ్వా, బిడ్డ సంగతి..."

"బిడ్డకేమైంది? మంచిగనే తింటున్నది. నువ్వు జర జావ తాగు."

మరిది సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. అతనితో మొదలుపెడితే అతను లేచి బయటికి పోయి, లారీ టైరు చూసినట్టు ఊరికే బండి చక్రం చూస్తూ నిలబడేవాడు. నాతో ఎత్తితే నేనూ అదే చేశాను. పద్ధతి అది. ఇంటి పెద్ద మాట అనలేదు.

సెప్టెంబరులో, వ్యాకులమాత పండుగ దగ్గరపడినప్పుడు, చెల్లెకు హాస్టల్లో చదువు చెప్పిన సిస్టరమ్మ జనగామ నుంచి వచ్చింది. తొర్రూరులో ఏదో పని చూసుకుని, చెల్లె సంగతి తెలిసి బత్తాయిలు పట్టుకుని బస్సెక్కిందట. చెల్లె తలకు కట్టుకున్న గుడ్డను సవరించింది. తర్వాత, "హాస్టల్ల గోడ దునికి రేక్కాయలు తెంపింది నువ్వే గదనే?" అన్నది. "నేను గాదు సిస్టర్, నేను కిందుండి ఏరుకున్న," అన్నది చెల్లె. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాం.

సాయంత్రమైంది. వచ్చినామె పెద్ద మనిషి కాబట్టి జపమాల ఆమెనే నడిపించమన్నాం. చక్కగా నడిపించింది. చివర, పండుగ నెల కదా, ఆమె అలవాటు కొద్దీ, "వ్యాకులమాతా," అని పిలిచింది.

ఎవరూ జవాబు పలకలేదు. అవ్వ చేతిలో జపమాల ఆగిపోయింది. అరుగు మీది ఖాలాకు కూడా మా పద్ధతి తెలుసు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిస్టరమ్మ మాకు వినపడలేదేమో అనుకుని మళ్లీ పిలిచింది. అప్పుడు మంచం మీద నుంచి ఒక్క గొంతు, "మా కొరకు వేడుకొనండి," అన్నది. చెల్లె గొంతు.

అవ్వ లేచి కొవ్వొత్తి ఆర్పేసింది. "బస్సుకు యాళ్లయితున్నది సిస్టరమ్మా," అన్నది.

నేను కుంటుకుంటూ బస్సు ఆగే చోటిదాకా సిస్టరమ్మ వెంట పోయి, మా పద్ధతి చెప్పాను. ఆమె అక్కడే నిలబడిపోయింది.

"అయ్యో తల్లీ. నాకు తెల్వది. మా మఠంల గీ నెలంత గదే పేరు పిలుస్తం."

"మీ తప్పేం లేదు సిస్టర్."

బస్సు రాలేదు. ఆమె కొంచెంసేపు రోడ్డు వైపు చూసి, "ఆ పేరు సావుకు పెట్టింది కాదమ్మా," అన్నది. "సిలువ కింద నిలబడ్డది గద ఆ తల్లి. కొడుకును దించలేదు, మేకులు పీకలేదు, ఒక్క మాట అన్నట్టు గూడ లేదు. ఏం చెయ్య చేతగాలే. గని ఆడికెల్లి పోలే. గందుకే ఆ పేరు. బాగు చేసినందుకు కాదు, నిలబడ్డందుకు."

గుండెలో కత్తులు దిగిన ఆ తల్లి బొమ్మను మా గుడిలో నేను చిన్నప్పటి నుంచి చూశాను. కత్తులే చూశాను. ఆమె నిలబడి ఉందన్న సంగతి ఎప్పుడూ గమనించలేదు.

ఇంటికి వచ్చేసరికి చెల్లె మెలకువగానే ఉంది. అవ్వ పెరట్లో గిన్నెలు తోముతున్నది.

"సిస్టరమ్మను ఏమన్న అన్నవా అక్కా?"

"ఏమనలే."

"అనకున్రి. ఆమె ఆ పేరు పిలిచినప్పుడు నాకు పాణం తేలికైంది." ఊపిరి కోసం ఆగింది. "అవ్వతోని ఆ మాట అనిపియ్యక్కా. ఆమె అనేదాక నన్నెవ్వరు మాట్లాడనియ్యరు. బిడ్డ గురించి నాకు చెప్పేదుంది."

"నాకు చెప్పు."

"నీకొక్కదానికి చెప్తే ఎట్ల? అందరు ఇనాలె. మీ మరిది ఇనాలె. లేకుంటే నేను పోయినంక ఎవరికి తోచింది వాళ్లు చేస్తరు."

ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసనుకున్నాను. నాకు పెళ్లి కాలేదు. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి నా పక్కనే పడుకుంటున్నది, నిద్రలో నా కొంగు పట్టుకుంటున్నది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆ పిల్లను నా చేతిలో పెడుతుందని అనుకున్నాను. తండ్రి లారీ మీద తిరిగేవాడు. ఇంకెవరున్నారు?

మర్నాడు పొయ్యి దగ్గర అవ్వతో మెల్లగా ఎత్తాను.

"నా నోటితోని అంటే నేనే సాగనంపినట్టయితది," అన్నది అవ్వ, పొయ్యిలోకి చూస్తూ.

"నాయినమ్మ అన్నది గద."

"అన్నది. అన్నంక ఆమె మల్ల ఎన్నడన్న ఆ పేరు పలికిందా? ఇన్నవా నువ్వు?"

వినలేదు. ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, పండుగనాడు గుడిలో అందరూ ఆ పేరు పాడుతుంటే నాయినమ్మ పెదవులు కదిపేది కాదు. అవ్వ కట్టె ఎగదోసింది, నిప్పు రవ్వలు లేచాయి.

కొన్నాళ్లకు ఒక పొద్దున, తల్లి మంచం పక్కన పిల్ల కింద కూర్చుని ఉంది. తల దువ్వుకున్నది. వెనక్కి చేతులు పెట్టుకుని జడ వేసుకోబోతున్నది. చెల్లె మంచం మీద నుంచి చూస్తూ చెబుతున్నది.

"మూడు పాయలు తీస్కో. సమానంగ. ఎడమ దిక్కుది సన్నగైంది సూడు. మల్ల విప్పు."

పిల్ల విప్పింది. మళ్లీ వేసింది. సగం దాకా వచ్చి వేళ్లలోంచి జారిపోయింది.

"మల్ల ఏస్కో."

అవ్వ నూనె సీసా, దువ్వెన పట్టుకుని వచ్చింది. రోజూ ఆ పిల్లకు జడ వేసేది ఆమె. "దా, నేనేస్త. గింత పిల్లకు ఎట్లొస్తదే?"

"నువ్వు ఎయ్యకవ్వా," అన్నది చెల్లె. "దానికి రానియ్యి."

"చేతులు నొస్తయే దానికి."

"నొయ్యనియ్యి. ఏడున్నా దాని జడ దానికి రావాలె."

అవ్వ దువ్వెన పట్టుకుని గడప మీద అట్లాగే కూర్చుండిపోయింది. పిల్ల మళ్లీ పాయలు తీసింది. ఈసారి కిందిదాకా వచ్చింది. వంకర జడ. రబ్బరు బ్యాండు పెట్టుకుని తల్లికి చూపించింది. చెల్లె చెయ్యి చాచి దాని కొసను పట్టుకుని చూసి, "మంచిగుంది," అన్నది. అవ్వ లేచింది. నూనె సీసా మూత పెట్టడం మరచిపోయి అక్కడే వదిలి పెరట్లోకి పోయింది.

ఆ సాయంత్రం మరిది కూడా ఉన్నాడు. ఖాలా అరుగు మీద ఉంది. నేను జపమాల నడిపించాను. "ఇప్పుడును, మా మరణ సమయమందును" అన్న మాటలను రోజూ తొందరగా చదివి దాటేసేదాన్ని. ఆ రోజూ అంతే చేశాను. చివరికి వచ్చి ఆరోగ్యమాతను పిలవబోయాను.

"ఆగు," అన్నది అవ్వ.

ఆమె లేచి మంచం మీద కూర్చుని, చెల్లె పాదాలు ఒళ్లోకి తీసుకుంది. చాలాసేపు ఆ పాదాలనే నిమిరింది. తర్వాత ఎవరినీ చూడకుండా, "ఇగ వ్యాకులమాతను పిలువున్రి," అన్నది.

పుస్తకం నా ఒళ్లోనే ఉంది గాని అక్షరాలు కనబడలేదు. అప్పుడు అవ్వ అటునుంచి వంగి, చిన్నప్పుడు చేసినట్టే, పుటలో ఆ పేరు వెతికి దాని కింద వేలు పెట్టింది. ఆ వేలు చూసి చదివాను. ముమ్మారు పిలిచాను. అందరూ జవాబు పలికారు. మరిది మాత్రం గోడ వైపు తిరిగి ఉన్నాడు.

చెల్లె నీళ్లడిగింది. తాగి, భర్తను పిలిచింది.

"ఇటు తిరుగు. ఇప్పుడన్న ఇను."

అతను తిరిగాడు.

"బిడ్డను నువ్వే ఉంచుకో. ఈడ ఇడిసిపెట్టి లారెక్కి పోకు. మల్ల పెండ్లి చేస్కో. అచ్చినామెను బిడ్డ అమ్మా అని పిలుస్తనంటే పిలవనియ్యి. నా ఫోటో పెట్టి దాన్ని ఏడిపియ్యకున్రి."

"గవేం మాటలే," అన్నాడతను.

"ఇననియ్యి బిడ్డా," అన్నది అరుగు మీది నుంచి ఖాలా. "ఇప్పుడు చెప్పనియ్యాలె."

చెల్లె నా వైపు చూసింది. "అక్కా. నువ్వడుగుతవని నాకెరుకే. నువ్వు సాదితే నాకంటే మంచిగ సాదుతవ్. గని ఈ ఊర్ల దాన్ని చూసినోళ్లంత నన్నే చూస్తరు. అది నా గుర్తులెక్క బతకొద్దు. తండ్రి ఉన్నడు. దాని బతుకు దానికుండాలె."

నేను తల ఊపాను. ఇంకేం చేయగలను? ఒక్క మాటతో నా చేతుల్లోంచి ఇద్దరూ పోయారు. అయినా ఆమె నాకు ఎదురుగా చెప్పింది. నా చాటున చెప్పి, నేను పరాయివాళ్ల నోట వినవలసిన గతి పెట్టలేదు. దానికి ఇప్పటికీ ఆమెకు కృతజ్ఞురాలిని.

తర్వాత ఆమెకు చేపల పులుసు తినాలనిపించింది. "రేపు తెస్త," అన్నాడు మరిది కళ్లు తుడుచుకుంటూ. "ఎండు చేపలా, పచ్చియా?"

"ఎండుయి తెచ్చినవనుకో," అన్నది చెల్లె, "ఆ లారీల నువ్వే పండుకోవాలె." ఒకసారి అతను ఎండు చేపలు క్యాబిన్‌లో పెట్టుకుని వచ్చి, నెల రోజులు ఆ వాసనకు బండిలోకి ఎవరినీ ఎక్కించుకోలేకపోయిన కథ మాకందరికీ తెలుసు. అవ్వ నవ్వింది. నవ్వుతూనే ఆ పాదాల మీద తల వాల్చింది.

పులుసు రెండు ముద్దలు తిన్నది. ఫాదర్ వచ్చి చివరి ప్రార్థన చేసి, నుదుటికి నూనె అంటించి పోయాడు. ఊరివాళ్లు వచ్చారు, చేతులు పట్టుకున్నారు. ఆ వారంలోనే ఒక పొద్దున, అవ్వ ముఖం తుడుస్తుండగా చెల్లె పోయింది. మేమందరం ఆమె చుట్టూ ఉన్నాం. ఏమీ చేయలేకపోయాం. ఉన్నాం.

పిల్ల తండ్రితో భూపాలపల్లి పోయింది. బస్సు కిటికీలోంచి వంకర జడ ఒకటే కనిపించింది నాకు. ఏడాది తిరిగాక అతను పెళ్లి చేసుకున్నాడు. ఒకరోజు ఫోన్లో పిల్ల మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఉండు పెద్దమ్మా, అమ్మ పిలుస్తున్నది," అన్నది. ఫోను పక్కన పెట్టి పరిగెత్తిన చప్పుడు వినిపించింది. నేను పట్టుకునే ఉన్నాను. చెల్లె చెప్పినట్టే జరిగింది. నొప్పి వేయలేదని చెప్పను.

ఈ ఎండాకాలం సెలవులకు పిల్ల మా ఇంటికి వచ్చింది. రెండు జడలతో. ఒకటి నున్నగా ఉంది, ఒకటి కొంచెం వంకర.

"ఎవరేసిన్రే?" అన్నది అవ్వ.

"గిది అమ్మ ఏసింది. గిది నేనేసుకున్న."

అవ్వ వంకర జడను కాసేపు చేతిలో పట్టుకుని వదిలేసింది. సరిచేయలేదు.

సాయంత్రం జపమాల చివర నేను ఆరోగ్యమాత దగ్గరికి వచ్చాను. ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు. అవ్వ మోకాలి నొప్పి తప్ప. ఆమె నాయినమ్మలాగా ఆ పేరును నోటి నుంచి తీసేస్తుందని అనుకున్నాను. ఇన్నాళ్లూ తీసేసింది కూడా. ఆ రోజు, "వ్యాకులమాతను గూడ పిలువు," అన్నది.

పిల్ల భయంగా మా ఇద్దరి ముఖాలు చూసింది. ఆ పద్ధతి దానికి తెలుసు. అవ్వ ఆ మాట అన్న సాయంత్రం అదీ ఆ గదిలోనే ఉంది కదా.

"ఎవరు పోతున్నరు అమ్మమ్మా?"

"ఎవ్వరు పోతలేరు," అన్నది అవ్వ. దాన్ని దగ్గరికి తీసుకుంది. "ఉన్నోళ్లకే. పలుకు."

నేను పిలిచాను. పిల్ల గొంతు అందరికంటే ముందు జవాబిచ్చింది.